మూడేళ్ళ కిందటి సూది, మూడు వారాల టెన్షన్: నా అనుభవం

నిన్న, అంటే 2024 మే 21న, ఆఖరి రిపోర్టు చేతికొచ్చింది. ఇంటికొచ్చి బిల్లులన్నీ మంచం మీద పరిచి కూడితే 7,500 రూపాయలు తేలింది. ఆటోలు, మధ్యలో తాగిన మజ్జిగలు కాక. నేను మొత్తం మూడు డోసులు కోవిషీల్డ్ అనే కోవిడ్ వ్యాక్సిన్ వేయించుకున్నాను. మూడింటికీ కలిపి నా జేబులోంచి పోయింది 250 రూపాయలు. ఆ సూది వల్ల రక్తం గడ్డలు కడతాయేమోనన్న అనుమానంతో ఇప్పుడు దానికి ముప్పై రెట్లు తగలేశాను. ఈ నెలలో నాలాగే కంగారుపడి ల్యాబుల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు చాలామంది కనపడ్డారు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. వయసు 51. పదకొండేళ్ళుగా సుగర్ ఉంది. ఇంట్లో అమ్మ, మా ఆవిడ, బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి.

ముందు 2021 సంగతి చెప్పాలి. లేకపోతే ఇప్పటి భయం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాదు.

ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్ళు దాటిన అందరికీ వేస్తామన్నారు. అప్పటికి ఇంటర్‌లో ఉన్న మా అమ్మాయి కోవిన్‌లో, అంటే సర్కారు వ్యాక్సిన్ వెబ్‌సైట్లో, నా పేరు ఎక్కించడానికి రెండు రోజులు తంటాలు పడింది. నెంబరు నాది, ఫోను యార్డులో నా జేబులో. ఓటీపీ గడువు మూడు నిమిషాలు. వేలంపాట జరుగుతుంటే దాని ఫోను ఎత్తి, మెసేజ్ వెతికి, కళ్ళజోడు పెట్టుకుని అంకెలు చదివేసరికి గడువు అయిపోయేది. చివరికి ఆదివారం ఇంట్లో కూర్చుని పూర్తి చేశాం.

ఏప్రిల్ 8, గురువారం. ఒక ప్రైవేటు ఆస్పత్రికి పదిన్నరకి వెళ్ళాను. 250 కట్టి, ఆధార్ చూపించి కూర్చున్నా. నా ముందు ఆరుగురే ఉన్నారు, అరగంటలో అయిపోతుందనుకున్నాను. గంటయినా ఎవర్నీ పిలవరే! అడిగితే నర్సమ్మ అసలు విషయం చెప్పింది. ఒక సీసాలో పది డోసులుంటాయట. మూత తీస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబోయాలి. అందుకని పదిమంది పోగైతే గానీ సీసా తెరవరు. 'ఇంకో ముగ్గురు కావాలండీ, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే పిలవండి' అంది. షేర్ ఆటో నిండితే గానీ కదలనట్టు! ఒకాయన ఫోన్ చేసి తమ్ముణ్ణీ మరదల్నీ రప్పించాడు. ఇంకొకరు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. పన్నెండుకి సూది పడింది. తెలియనే లేదు, 'అయిపోయిందండీ' అనేదాకా నేను చెయ్యి బిగపట్టుకునే ఉన్నాను.

తర్వాత అరగంట ఒక గదిలో కూర్చోబెట్టారు. గోడ మీద ఒక బోర్డు. జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, సూది వేసినచోట వాపు రావచ్చు, భయపడొద్దు అని రాసి ఉంది. అంతే, ఇంకేమీ లేదు. ఈ బోర్డు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

రాత్రి తొమ్మిదింటికి పెరుగన్నం తింటున్నప్పుడు మొదలైంది. ముందు వెన్నులో సన్నగా వణుకు. పదకొండుకల్లా గుంటూరు ఎండలకి గోడలు ఇంకా సెగలు కక్కుతుంటే నేను ఫ్యాను ఆపించి, రెండు దుప్పట్లు కప్పుకుని, పైన అమ్మ బొంత వేయించుకుని పళ్ళు టకటకలాడిస్తున్నాను. జ్వరం 102 చూపించింది. మా ఆవిడ ఆస్పత్రికి పోదామంటుంది, అమ్మేమో విబూది పెడుతుంది. పారాసెటమాల్ 650 ఒకటి వేసుకుంటే తెల్లవారుజామున చెమటలు పట్టి దిగింది. శుక్రవారం చొక్కా ఎడమ చెయ్యి తొడుక్కోవడానికి సాయం కావాల్సొచ్చింది. శనివారం సాయంత్రానికి మామూలు మనిషినయ్యాను.

అదే వారం అమ్మకి వార్డు ఆరోగ్య కేంద్రంలో కోవాగ్జిన్ వేయించాం. ఆవిడకప్పుడు 71. జ్వరం లేదు, నొప్పి లేదు, మధ్యాహ్నం ఎండలో వడియాలు కూడా పెట్టింది. దాంతో ఆవిడకి అనుమానం. 'నీకు అసలు మందు వేశారు, నాకు నీళ్ళ సూది పొడిచినట్టున్నార్రా' అని నెలరోజులు సాధించింది. డబ్బు కట్టలేదు కాబట్టి నీళ్ళు వేశారని ఆవిడ లెక్క. జ్వరం వస్తేనే మందు పనిచేసినట్టు అని మా వీధిలో చాలామంది అనుకునేవారు. అది తప్పట. పెద్ద వయసువాళ్ళకి ఒంటి తిరుగుబాటు తక్కువగా ఉంటుంది కాబట్టి జ్వరమూ తక్కువే, అంతమాత్రాన మందు పనిచేయనట్టు కాదు అని తర్వాత తెలిసింది.

ఏప్రిల్ 25, ఆదివారం. సూది పడి పదిహేడు రోజులు. మా ఆవిడ గోంగూర పచ్చడికి ఎండుమిర్చి వేయిస్తోంది. ఇంట్లో అందరం దగ్గుతున్నాం, నాక్కూడా దగ్గొచ్చింది, కళ్ళు మండాయి. కానీ వాసన లేదు! ఘాటు గొంతులో తెలుస్తోంది, ముక్కుకి ఏమీ తెలియడం లేదు. ఇరవై ఏళ్ళుగా టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు నలిపి, వాసన చూసి ఇది తేజ రకం, ఇది 334 రకం అని చెప్పే ముక్కు నాది. లేచి వెళ్ళి మూకుడు మీద మొహం పెట్టాను. ఏమీ లేదు. వేడి ఇనుము వాసన కూడా లేదు. మా ఆవిడ నా మొహం చూసి స్టవ్ కట్టేసింది.

26న ముక్కులో పుల్ల పెట్టించుకున్నాను, 29న పాజిటివ్ అని మెసేజ్ వచ్చింది. ఆ మూడు రోజులే అసలు నరకం. వెనక గదిలో ఒక్కణ్ణే. ఆక్సీమీటరు మందుల షాపులో 2,600 చెప్పారు, బేరం లేదు. వేలికి పెట్టుకుని 96, 95, 96 అని పొద్దస్తమానం అంకెలు చూస్తూ కూర్చున్నాను. మే 2 రాత్రి 93కి దిగింది. డాక్టరు ఫోన్‌లో బోర్లా పడుకోమన్నారు. బోర్లా పడుకుని, దిండు కొరుక్కుంటూ తెల్లార్లూ వేలు చూసుకున్నాను. తెల్లారేసరికి 95. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, మందులు కావాలంటే ఆ లోపే తెచ్చుకోవాలి. మే 10 నాటికి లేచి తిరిగాను. ఆస్పత్రిలో చేరే అవసరం రాలేదు. అమ్మకి అసలు సోకలేదు.

మా పక్క కొట్లో గుమాస్తా, నా ఈడువాడే, నాకన్నా గట్టిమనిషి. రేపు మాపు అంటూ సూది వేయించుకోలేదు. ఆ మే నెలలోనే పోయాడు. నాకు తెలిసిన ఇంకొకాయన రెండు డోసులూ వేయించుకుని కూడా పది రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. నన్ను కాపాడింది ఆ ఒక్క డోసేనా? ఇప్పటికీ నాకు తెలియదు. జ్వరం వస్తే వ్యాక్సిన్ వల్ల వచ్చిందని చూపించగలం. రాని జబ్బుని ఎలా చూపిస్తాం?

మా అమ్మాయి ఇప్పుడు లెక్కలు చెబుతుంది. కోవిడ్ డెల్టా రకం మీద ఇంగ్లండులో చూస్తే ఒక్క డోసు వేసుకున్నవాళ్ళలో రక్షణ 30 శాతం చిల్లరేనట, ఆస్ట్రాజెనెకావి (మన కోవిషీల్డ్ మందే) రెండూ వేసుకుంటే 67 శాతం. కోవాగ్జిన్ మూడో దశ పరీక్షల్లో మొత్తం మీద 77.8 శాతం, తీవ్రమైన జబ్బు మీద 93 శాతం పైన. 67 శాతం అంటే వందలో 67 మందికి రాదు, 33 మందికి వస్తుందని నేను అనుకునేవాణ్ణి. అలా కాదట. సూది లేనివాళ్ళలో వందమందికి వచ్చే చోట, అంతేమంది సూది వేసుకున్నవాళ్ళలో 33 మందికి వస్తుందని. ఈ తేడా అర్థం కావడానికి నాకు ఒక పూట పట్టింది, అదీ కాటా లెక్కల్లో చెప్పించుకున్నాక.

రెండో డోసు గురించి త్వరగా చెప్పేస్తాను. మొదట 28 రోజులన్నారు. నేను వేయించుకునేనాటికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. మే 13న దాన్ని పన్నెండు నుంచి పదహారు వారాలు చేశారు. ఆ తర్వాత వారమే, కోవిడ్ వచ్చినవాళ్ళు తగ్గిన మూడు నెలలకి వేయించుకోవాలన్నారు. నా తేదీ జరుగుతూ జరుగుతూ ఆగస్టు 12 దగ్గర ఆగింది. మున్సిపల్ స్కూల్లో, ఉచితంగా, నలభై నిమిషాల్లో అయిపోయింది. దుప్పట్లు దగ్గర పెట్టుకుని పడుకున్నాను గానీ ఈసారి చెయ్యి నొప్పి తప్ప ఏమీ లేదు. కోవిషీల్డ్‌కి మొదటి డోసుకే ఎక్కువ జ్వరం, రెండోదానికి తక్కువ అట. ఎవరైనా ముందు చెప్పి ఉంటే ఆ బొంత అటక మీదే ఉండేది.

చిక్కంతా సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. అక్కడి అబ్బాయి నా పాత నెంబరు వెతక్కుండా మా ఆవిడ నెంబరు మీద కొత్తగా ఎక్కించాడు. దాంతో నాకు రెండు 'మొదటి డోసు' సర్టిఫికెట్లు వచ్చాయి. అంటే సర్కారు లెక్కలో నేను ఇద్దరు సగం మనుషుల్ని. కోవిన్‌లోనే రెండింటినీ కలపమని అడిగే వీలుందని అమ్మాయి కనిపెట్టింది. తొమ్మిది రోజులకి ఒక్క మనిషినయ్యాను. మూడోది 2022 ఆగస్టులో, జూలై 15 నుంచి 75 రోజులు ఉచితంగా వేసినప్పుడు. ఒక రాత్రి వెచ్చబడి పోయింది. ఆ పైన వ్యాక్సిన్ అన్న మాటే మర్చిపోయాను.

ఇక ఈ ఏడాది ఏప్రిల్ 30, మంగళవారం సాయంత్రం. ఎన్నికల ప్రచారం రోజులు. బయట మైకుల గోల. విజయవాడ భవానీపురం నుంచి మా బావగారు వాట్సాప్‌లో ఒక వార్త పంపి, వెంటనే ఫోన్ చేశారు.

'ఏరా బామ్మర్దీ, చూశావా? కంపెనీవాడే ఒప్పుకున్నాడంట. మనం వేయించుకున్నదే. రక్తం గడ్డలు కడతాయంట.'

వార్త నిజమే. ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టుకిచ్చిన కాగితాల్లో, తమ వ్యాక్సిన్ వల్ల బహు అరుదుగా టీటీఎస్ అనే జబ్బు రావచ్చని రాసింది. రక్తం గడ్డకట్టడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం రెండూ ఒకేసారి జరిగే జబ్బు. మన కోవిషీల్డ్ అదే మందు, పుణెలో సీరం సంస్థ తయారుచేసింది. 'బహు అరుదుగా' అన్న మాట బావగారు చదవలేదు. నిజం చెప్పాలంటే నేనూ చదవలేదు.

అంతకు నెల ముందునుంచే నాకు ఛాతీలో ఎడమపక్క అప్పుడప్పుడు లాగినట్టు ఉండేది. గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు తాగేవాణ్ణి. ఆ రాత్రితో అది గ్యాస్ కాకుండా పోయింది. మే 1, 2 తేదీల్లో కంటి మీద కునుకు లేదు. నడి రాత్రి ఫోన్ తీస్తే డ్యాన్స్ చేస్తూ పడిపోయిన కుర్రాడు, జిమ్‌లో కూలిపోయిన మనిషి, కింద అందరూ వ్యాక్సిన్, వ్యాక్సిన్ అని రాతలు. ఒకటి చూస్తే పది వస్తాయి. పక్కన మా ఆవిడకి తెలియకుండా దుప్పటి ముసుగులో చూశాను, వెనకటికి దొంగతనంగా సినిమా పుస్తకాలు చదివినట్టు.

మే 3న డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సింది పోయి, నేరుగా అరండల్‌పేటలో ఒక ల్యాబ్‌కి వెళ్ళాను. వాట్సాప్‌లో ఎవరో రాశారు, డి-డైమర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటే గడ్డలున్నాయో లేదో తెలిసిపోతుందని. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. డి-డైమర్ 1,300, రక్తకణాల లెక్క 300. రక్తం తీసే అమ్మాయి ఊదా మూత గొట్టం ఒకటి, నీలం మూత గొట్టం ఒకటి తీసింది. నీలం దానిలో రక్తం గీతకి కాస్త కిందే ఆగితే, మళ్ళీ పొడిచి ఇంకో గొట్టం నింపింది. సరిగ్గా గీత దాకా నిండకపోతే లెక్క తప్పుతుందట. 'రోజూ ఎన్ని చేస్తారమ్మా ఇవి' అని అడిగాను. 'నిన్నటినుంచే సార్ ఇంత రద్దీ. అందరూ కోవిషీల్డ్ వాళ్ళే' అంది.

రక్తకణాల రిపోర్టు సాయంత్రానికే ఫోన్‌కి వచ్చింది. ప్లేట్‌లెట్లు 2 లక్షల 60 వేలు. బాగుంది. డి-డైమర్ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. 780. పక్కన కుండలీకరణాల్లో 500 లోపు ఉండాలని. 780 అన్న అంకె నల్లగా, లావుగా అచ్చేశారు. కాటా దగ్గర నిలబడి చదివాను. కాళ్ళలో సత్తువ పోయింది, పక్కనున్న టిక్కీ మీద కూర్చుండిపోయాను. హమాలీ ఒకతను నీళ్ళు తెచ్చిచ్చాడు.

శనివారం రాత్రి, ఆదివారం ఎలా గడిచాయో నన్నడక్కండి. బీమా పాలసీ కాగితాలు ఎక్కడున్నాయో మా ఆవిడకి చూపించాను. ఆమె ఏడ్చింది. అమ్మాయి ఒక్కతే కుదురుగా ఉంది. 'నాన్నా, ఆ జబ్బు సూది వేసిన నాలుగో రోజునుంచి ఆరు వారాల లోపు వచ్చేది. మూడేళ్ళ తర్వాత రాదు. పైగా ప్లేట్‌లెట్లు పడిపోవాలి. నీకు నిక్షేపంలా ఉన్నాయి' అంది. నేను వింటానా? కూతురి చదువుకి ఫీజు కట్టేది మనమే, దాని మాట నమ్మనిదీ మనమే.

మే 6, సోమవారం. కొత్తపేటలో గుండె డాక్టర్. శంకర్ విలాస్ బ్రిడ్జి మీద ప్రచార రథాల వల్ల ట్రాఫిక్ ఆగి, పది నిమిషాల దారి నలభై నిమిషాలు పట్టింది. ఫీజు 600. టోకెన్ 34. నేను వెళ్ళేసరికి లోపల 11 నడుస్తోంది. మూడున్నర గంటలు కూర్చున్నాను. మధ్యలో కాంపౌండరు పిలిచి ఈసీజీ తీయించాడు, 250. ఎకో, అంటే గుండె స్కాను, కూడా ముందే చేయించుకుంటే డాక్టరు గారు ఒకేసారి చూస్తారన్నాడు, 1,500. అది మాత్రం నేను కాదనే స్థితిలో లేను. చల్లటి జెల్లీ రాసి ఛాతీ మీద తిప్పుతుంటే తెర మీద నా గుండె కవాటాలు తలుపు రెక్కల్లా కొట్టుకుంటూ కనపడ్డాయి. వింతగా అనిపించింది, కాసేపు భయం మర్చిపోయాను.

డాక్టరు గారు యాభై దాటిన మనిషి. రిపోర్టులు చూశారు, డి-డైమర్ దగ్గర ఆగి, 'ఇది ఎవరు రాశారు?' అన్నారు. ఎవరూ రాయలేదండీ, నేనే అన్నాను. కోప్పడతారనుకున్నాను. 'ఇవాళ మీరు ఎనిమిదోవారు' అని మాత్రం అన్నారు. తర్వాత నా కాళ్ళ వైపు చూశారు.

'కాలికేమైంది?'

ఏప్రిల్ చివర్లో యార్డులో బస్తాలు లాగే ఇనప కొక్కెం కుడికాలి బొటనవేలి పక్కన గీసుకుపోయింది. పసుపు పెట్టి గుడ్డ చుట్టాను. మానలేదు, వాచింది, కాస్త చీము కూడా పట్టింది. గుండె గురించి ఏడుస్తూ ఆ కాలు సంగతే పట్టించుకోలేదు. ఆయన గుడ్డ విప్పించి చూసి, డి-డైమర్ అనేది గడ్డలకే కాదు, ఒంట్లో ఎక్కడ చీము పట్టినా, వాపున్నా, ఆపరేషన్ అయినా, వయసు పెరిగినా పెరుగుతుందని చెప్పారు. తక్కువుంటే గడ్డ లేదని ధైర్యంగా చెప్పడానికి పనికొస్తుందట. ఎక్కువుందని గడ్డ ఉందనడానికి మాత్రం పనికిరాదట. అదే అంకె నేను చేయించకుండా ఉంటే ఆయన నా కాలికి మందు రాసి పంపేవారు. చేయించాను, అంకె పెరిగింది, కాలు వాచి ఉంది, కాబట్టి కాలి రక్తనాళాల్లో గడ్డ లేదని తేల్చుకోక తప్పదు. డాప్లర్ స్కాను, 1,700. అక్కర్లేని పరీక్ష ఒకటి చేయించుకుంటే అది ఇంకో పరీక్షని కంటుందని అప్పుడు తెలిసింది.

డాప్లర్‌లో ఏమీ లేదు. మూడు నెలల సుగర్ సగటు చూపించే పరీక్ష కూడా రాశారు, 450. అది 9.4 వచ్చింది. ఆ అంకె చూసినప్పుడు మాత్రం ఆయన గొంతు మారింది. 'మూడేళ్ళ కిందటి సూది గురించి ఇన్ని ప్రశ్నలు అడిగారు. ఈ 9.4 గురించి ఒక్కటీ అడగరేం?' అన్నారు. నా దగ్గర జవాబు లేదు. సీజన్‌లో యార్డు దగ్గర రోజుకి ఏడెనిమిది టీలు, పంచదారతో.

వ్యాక్సిన్ గురించి నేను అడిగినదానికి ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. కొందరిలో, ఎందుకో, ఆ సూది తర్వాత ఒళ్ళు తన ప్లేట్‌లెట్ల మీదే తిరగబడుతుంది. అవి ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కడతాయి, అలా ఖర్చయిపోయి వాటి సంఖ్య పడిపోతుంది. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, కడుపునొప్పి, కాలి వాపు, ఆయాసం, సూది వేసినచోట కాకుండా ఒంటి మీద వేరేచోట ఎర్ర చుక్కలు కనపడతాయి. ఇదంతా మొదటి కొన్ని వారాల్లోనే. మన దేశంలో 2021లో లెక్క చూసినప్పుడు పది లక్షల డోసులకి 0.61 చొప్పున వచ్చాయి. బ్రిటన్‌లో పది లక్షలకి 4, జర్మనీలో 10.

ఈ లెక్కలు ఎప్పుడివని అడిగాను. 2021 మే 17న కేంద్రమే చెప్పిందన్నారు. ఇంటికొచ్చి అమ్మాయితో వెతికించాను. నిజమే. సూది వేసుకున్న ఇరవై రోజుల్లో ఈ లక్షణాలు వస్తే ఆస్పత్రికి పరుగెత్తండని అప్పుడే చెప్పారు. ఇంకా ముందు, 2021 ఏప్రిల్ 7నే, యూరప్ మందుల సంస్థ దీన్ని బహు అరుదైన దుష్ప్రభావంగా చేర్చాలంది. ఏప్రిల్ 7! నేను 250 కట్టి కూర్చుంది ఏప్రిల్ 8న. ఆ గది గోడ మీద బోర్డులో ఆ ముక్క లేదు. ఒక్కరోజులో బోర్డు మార్చలేరు, ఒప్పుకుంటాను. కానీ రెండో డోసునాడూ ఎవరూ చెప్పలేదు, మూడోదానినాడూ చెప్పలేదు. నా కోపం అక్కడే. చెబితే జనం పారిపోతారనుకున్నారేమో. నాకైతే అప్పుడే 'పది లక్షల్లో ఒకరికి ఇలా కావచ్చు, ఇవీ గుర్తులు' అని చెప్పినా వేయించుకునేవాణ్ణి. చుట్టూ చూస్తున్నాం కదా, శ్మశానాల దగ్గర టోకెన్లు. అప్పుడు తెలిసి ఉంటే బావగారి ఫోన్‌కి 'ఆ, తెలుసులెండి' అనేవాణ్ణి. మూడేళ్ళ తర్వాత లండన్ కోర్టు నుంచి వినేసరికి దాచిపెట్టి మోసం చేసినట్టు అనిపించింది.

మే 8న బావగారు మళ్ళీ ఫోన్. 'చూశావా, ప్రపంచం మొత్తం మీద వెనక్కి తీసేసుకుంటున్నారంట.' కంపెనీ మాత్రం కొత్త రకాలకి కొత్త వ్యాక్సిన్లు వచ్చాయి, దీనికి గిరాకీ లేదు, అందుకే అంటోంది. నమ్మాలో లేదో ఎవరిష్టం వారిది. పాత రకం మిర్చికి కొనేవాడు లేకపోతే మేమూ సాగు మానెయ్యమనే చెబుతాం కాబట్టి నేను నమ్మాను. బావగారు నమ్మలేదు.

ఒక పరీక్ష మిగిలిపోయింది, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూసేది. కాలి పుండు మానేదాకా వీల్లేదన్నారు. రెండు వారాలు మందులు, రోజు విడిచి రోజు కట్టు. ఈ లోపు 13న ఓటు కూడా కుంటుకుంటూనే వేసొచ్చాను.

మే మూడో వారంలో ఇంకో గొడవ. కోవాగ్జిన్ వేసుకున్నవాళ్ళలో మూడోవంతు మందికి ఏవో ఇబ్బందులు వచ్చాయని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన టీవీలో వచ్చింది. అమ్మ చూసింది. మూడేళ్ళు నీళ్ళ సూది అన్న మనిషి, చెయ్యి తడుముకుంటూ, 'అబ్బాయ్, నాకు ఈ మోకాళ్ళ నొప్పులు అందుకేనా?' అంది. మోకాళ్ళ నొప్పులు ఆవిడకి నా పెళ్ళి నాటినుంచీ ఉన్నాయి. సూది వేసుకోనివాళ్ళతో పోల్చి చూడకుండా, ఏడాది తర్వాత ఫోన్ చేసి అడిగి రాసుకున్న లెక్క అది, దాన్నిబట్టి ఏమీ తేల్చలేమని 20న కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ తప్పుపట్టింది. ఆ మాట అమ్మకి చెబితే, 'సరే, ఏదో మందైతే ఉందన్నమాట అందులో' అని ఊరటపడింది.

నిన్న ట్రెడ్‌మిల్ పరీక్ష. 1,400. ఛాతీ మీద వెంట్రుకలు గొరిగి పది చోట్ల అతికించారు. పీకేటప్పుడు తెలిసిన నొప్పి ముందు మూడు డోసులూ దిగదుడుపు. తొమ్మిది నిమిషాలు నడిచాను, ఆఖరి రెండు నిమిషాలు పరుగే. అంతా మామూలుగానే ఉందని రాశారు. ఛాతీలో లాగడం కండరాల నొప్పట, పద్దుల పుస్తకాల మీద వంగి కూర్చోవడం వల్ల. మళ్ళీ ఫీజు అడిగారు. పదిహేను రోజుల లోపైతే అక్కర్లేదని చీటీ మీదే ఉంది, నాది సరిగ్గా పదిహేనో రోజు. వేళ్ళ మీద లెక్కపెట్టి చూపిస్తే వదిలేశారు.

రాత్రి బావగారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. డి-డైమర్ జోలికి మాత్రం పోవద్దండీ, ముందు డాక్టర్‌ని కలవండి అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. ఇవాళ పొద్దున అక్కయ్య ఫోన్ చేసింది. ఏడింటికల్లా బెంజి సర్కిల్ దగ్గర ఏదో ల్యాబ్‌కి వెళ్ళి రక్తం ఇచ్చొచ్చారట. రిపోర్టు రేపు మధ్యాహ్నం.